గరాజ్‌లో వుల్ఫ్‌హౌండ్: ఫ్లోరెన్స్ నేగల్ కోసం ఒక చెక్కపని డైరీ

ఫిబ్రవరి చివర

ముందు పనేమిటో చెప్పేస్తాను. మూపు దగ్గర 84 సెంటీమీటర్ల ఎత్తుండే ఐరిష్ వుల్ఫ్‌హౌండ్, అంటే ఒకప్పుడు తోడేళ్ళని వేటాడిన కుక్క, దాని బొమ్మ, ప్లైవుడ్‌తో, అసలు కుక్క ఎంతుంటుందో అంతే సైజులో. దాని పక్కన మూడు పలకలు. పలకల మీద ఈ జాతి కుక్కల్ని పెంచిన ఫ్లోరెన్స్ నేగల్ అనే ఆవిడ గురించి మా ఆదివారం తెలుగు బడి పిల్లలు రాస్తారు, కుక్క బాధ్యత నాది. జూన్ ఆఖర్లో బడి వార్షికోత్సవం, ఆ లోపల అయిపోవాలి. ఈ వారమంతా గరాజ్‌లో జాగా చేయడానికే పోయింది. మా ఆయన సైకిళ్ళు, విప్పని అట్టపెట్టెలు, ఎప్పుడో ఆగిపోయిన ట్రెడ్‌మిల్, అన్నీ ఒక గోడకి జరిగాయి.

ఈ ఏడాది ప్రదర్శన అంశం "మన చుట్టుపక్కల మనిషి". మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ ఊళ్ళో. మిగతా గ్రూపులు రాజుల్నీ రచయితల్నీ పంచేసుకున్నాయి. నేను కుక్కలావిడ పేరు చెప్పగానే ఒక పిల్లాడి తల్లి "కుక్కపిల్లల్ని అమ్మే ఆవిడ గురించి ఏముంటుందండీ చెప్పడానికి" అన్నారు. ఆవిడని అనడానికేం లేదు. బ్రీడర్ అనగానే మనకి కళ్ళ ముందుకొచ్చేది ఇరుకు బోనులు, ఆగకుండా ఈతలు, ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి ధర చెప్పేవాళ్ళే కదా. అలాంటివాళ్ళు ఇక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. నేగల్ వేరే బాపతు. డెబ్బై ఏళ్ళకి పైగా ఒక జాతిని పట్టుకుని కూర్చుంది, అది నడవాల్సినట్టు నడుస్తోందా లేదా అన్నదే చూసుకుంది.

రెడింగ్ నుంచి నైరుతిగా కొన్ని మైళ్ళు పోతే సల్హమ్‌స్టెడ్ అనే పల్లె వస్తుంది. అక్కడ ఎత్తు మీద ఒక పెద్ద తెల్ల బంగళా ఉంది, ఇప్పుడది పోలీసుల శిక్షణ కేంద్రం. వందేళ్ళ కిందట అది సర్ జార్జ్ వాట్సన్ ఇల్లు. మేపోల్ డెయిరీ కంపెనీ ఆయనదే, వెన్న, మార్గరిన్, టీ అమ్మి వీధివీధికీ కొట్లు పెట్టి కోట్లు గడించాడు. ఆయన కూతురే ఫ్లోరెన్స్. 1894లో పుట్టింది, 1988లో పోయింది, అప్పటికి 94 ఏళ్ళు. మొదటి వుల్ఫ్‌హౌండ్‌ని 1913లో ఐదు పౌండ్లకి కొన్నది. ఆ తర్వాత ఆవిడ దగ్గర పుట్టిన కుక్కలన్నిటికీ సల్హమ్‌స్టెడ్ అన్న ఊరిపేరు మన ఇంటిపేరులాగా అతుక్కుపోయింది. ఆవిడ ఆ తర్వాత ససెక్స్‌కి మారిపోయినా కుక్కల పేరు మాత్రం మారలేదు.

నేను ఆ బంగళా దారిలోనే కారులో ఆఫీసుకి పోతుంటాను. ఆవిడని ఎంచుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం లేదు నిజానికి, ఒకసారి మొదలుపెట్టి చదివాక వదలబుద్ధి కాలేదు.

మార్చి మొదటి వారం

బొమ్మ గీత. గుర్రాల ట్రైనర్ లైసెన్సు కోసం ఆవిడ వేసిన కోర్టు కేసు గురించి చెప్పాలంటే ఒక పలక చాలు, తేదీ, జడ్జి, తీర్పు రాసేస్తే పని అయిపోతుంది. కుక్కల పెంపకం గురించి పలక మీద ఏం రాస్తాం? ఇన్ని ఛాంపియన్లు అని ఒక అంకె వేస్తే తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం ఎక్కుతుంది? పిల్ల వచ్చి ఆ కుక్క పక్కన నిలబడాలి, కుక్క గడ్డం తన గడ్డానికి పైన ఎక్కడో ఉండాలి, అప్పుడు ఈవిడ చేసిన పనేమిటో తెలుస్తుంది. అందుకే నిలువెత్తు.

తమాషా ఏమిటంటే ఈ జాతి మళ్ళీ పుట్టిందే ఇలాంటి బొమ్మతో. ఐర్లండ్‌లో తోడేళ్ళు పద్దెనిమిదో శతాబ్దం చివరికి అంతరించాయి, ఆఖరి తోడేలుని 1786లో చంపారని చెబుతారు. తోడేలు పోయాక దాన్ని వేటాడే కుక్కకి పని లేదు, పని లేని కుక్కని ఎవరు మేపుతారు, పైగా అంత తిండి తినేదాన్ని. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకి అక్కడో ఇక్కడో కొన్ని మిగిలాయి. కెప్టెన్ జార్జ్ అగస్టస్ గ్రాహం అని గ్లాస్టర్‌షైర్‌లో ఉండే స్కాట్లండ్ ఆయన ఒకడు 1860లలో వాటిని వెతికి పట్టుకుని, స్కాటిష్ డీర్‌హౌండ్లతో, గ్రేట్ డేన్లతో, ఇంకా అవసరమనుకున్న చోట బోర్జోయి లాంటి వేరే జాతులతో కలిపి మళ్ళీ నిలబెట్టాడు. 1885లో ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ క్లబ్ పెట్టాడు. తను సాధించాలనుకున్న కుక్క ఎలా ఉండాలో అందరికీ తెలియాలని నిలువెత్తు రంగుల బొమ్మ ఒకటి వేయించాడు, 35 అంగుళాల ఎత్తుతో. అంటే కుక్క ఇంకా రాకముందే బొమ్మ వచ్చింది. "అయితే ఇది అసలు జాతి కాదు, అతుకుల జాతి" అని కొట్టిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉండనీ. మన ఊళ్ళ పాత దేశవాళీ కుక్కల్ని ఎవరైనా ఇంత శ్రద్ధగా వెతికి కలిపి ఉంటే నేను దండం పెట్టేదాన్ని.

ఫోటో ఒకదాన్ని తీసుకుని గళ్ళు కొట్టి బ్రౌన్ పేపర్ మీద పెద్దది చేశాను. ఫోన్ యాప్‌లు ఉన్నాయట, ప్రొజెక్టర్ పెట్టి గీసుకోవచ్చట. నాకు గళ్ళే నయం, గీస్తూ గీస్తూ ఉంటే ఎక్కడ వంపు ఎక్కడ తిన్నన చేతికి తెలుస్తుంది. మా నాన్న ఆకివీడు దగ్గర వడ్రంగి మేస్త్రీ, తలుపుల మీద నెమళ్ళు ఆయన ఇలాగే ఎక్కించేవాడు.

మార్చి, కొలతల రోజు

ఫోటోతో పని కాదని తేలింది. ఫోటోలో కుక్క నిలబడ్డ తీరుని బట్టి కాళ్ళ పొడుగు మారిపోతోంది. ఇక్కడికి దగ్గర్లో ఒక పెద్దావిడ దగ్గర వుల్ఫ్‌హౌండ్ ఉందని తెలిసి, ఫోన్ చేసి, రసమట్టం, టేపు, నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళాను.

తలుపు తీయగానే నా నడుం దగ్గర ఒక తల. బూడిద రంగు, మూతి చుట్టూ పీచులా గడ్డం, కళ్ళ మీదకి వాలిన గరుకు కనుబొమలు. మొరగలేదు. వచ్చి పక్కన నిలబడి బరువంతా నా తొడ మీద ఆనించింది, నేను గోడకి ఆనుకోవాల్సొచ్చింది. "అది దాని పలకరింపు, పడిపోకుండా నిలబడండి" అన్నారావిడ. ఐదేళ్ళ మగది. నాకన్నా బరువే.

కొలవడం ఎలాగంటే, కుక్కని చదును నేల మీద నిలబెట్టి, ముందు కాళ్ళు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, రసమట్టాన్ని మూపు మీద అడ్డంగా పెట్టి, బుడగ మధ్యకి వచ్చాక దాని చివరి నుంచి నేలకి టేపు వదలాలి. బుడగ మధ్యకి వచ్చేలోపు కుక్క ఒక్కసారి నిట్టూర్చిందంటే మళ్ళీ మొదటికి. చివరికి 86 వచ్చింది. బ్రిటన్ ప్రమాణాల ప్రకారం మగ కుక్కకి కనీసం 79 సెంటీమీటర్లు, 54.5 కిలోలు ఉండాలి, ఆడదానికి 71 సెంటీమీటర్లు, 40.9 కిలోలు. మగవాటికి 81 నుంచి 86 దాకా ఉంటే బాగుంటుందని లెక్క. నేను నడిమధ్యన 84కి స్థిరపడ్డాను.

ఎత్తు కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయని అక్కడే తెలిసింది. ఛాతీ ఎంత లోతంటే ముందుకాలి మోచేతి దాకా దిగుతుంది, అక్కడి నుంచి పొట్ట ఒక్కసారిగా పైకి లాగినట్టు పోతుంది. నడుం దగ్గర వీపు కొద్దిగా విల్లులా లేస్తుంది. దూలంలా తిన్నగా ఉండదు. ఇది పరిగెత్తి పట్టే కుక్క, వాసన చూసి వెతికే రకం కాదు. ఎంత పెద్దదైనా ఒళ్ళంతా పరుగు కోసమే పెట్టి పుట్టింది. నా బ్రౌన్ పేపర్ గీతలో ఆ నడుం వంపు కనపడలేదు, ఫోటో మింగేసింది. అక్కడే కూర్చుని పెన్సిల్‌తో సరిచేసుకున్నాను.

టీ తాగుతూ ఉండగా ఆవిడ మామూలుగా అన్నమాట: "ఏడేళ్ళు దక్కితే అదృష్టం అనుకుంటాను." ఈ జాతి ఆయుష్షు అంతే, ఏడేళ్ళ దరిదాపు. గుండె కండరం బలహీనపడి సాగిపోవడం, ఎముక క్యాన్సర్, కడుపు ఉబ్బి మెలిపడటం, ఇవీ ప్రధానమైన గండాలు. అందుకే బాధ్యత ఉన్న బ్రీడర్లు ఏటా గుండె స్కాన్ చేయిస్తారు, కుక్కపిల్లల్ని ఇచ్చే ముందు లివర్‌లో రక్తనాళం అడ్డదారి పట్టిందేమో రక్తపరీక్షలో చూస్తారు. నేను వెనక్కి వస్తూ లెక్కేసుకున్నాను. 1913 నుంచి 1988 అంటే 75 ఏళ్ళు. ఏడేళ్ళకొక తరం పోతుంటే, ఆవిడ ఎన్ని కుక్కల్ని సాగనంపి ఉంటుంది? ఒక కుక్క పోతేనే "ఇంక పెంచను బాబోయ్" అంటాం మనం. ప్రతిసారీ మళ్ళీ ఏ ఆడదాన్ని ఏ మగదానితో కలపాలా అని కాగితం ముందు కూర్చోవడానికి ఎలాంటి గుండె కావాలి.

మార్చి మూడో వారం

చెక్క కొన్నాం. 18 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లై ఒకటి, 9 మిల్లీమీటర్లది ఒకటి. ఈ ఊళ్ళోనే ఒక చెక్కల దుకాణం. షీటు మొయ్యడానికని మా ఆయన్ని వెంటబెట్టుకెళ్ళాను, అదే తంటా అయింది. నేను అడుగుతున్నాను, కౌంటర్ మీద మనిషి జవాబు ఆయనకి చెబుతున్నాడు. లోపలి పొరల్లో ఖాళీలు లేని గ్రేడ్ కావాలి అంటే "సార్, మీరు బయట వాడతారా లోపలా?" అని ఆయన్ని అడిగాడు. మా ఆయన "నాకు ప్లైకీ అట్టకీ తేడా తెలీదండీ, ఆవిడని అడగండి" అన్నాడు. అయినా బిల్లు ఆయన చేతికే ఇచ్చాడు. దారంతా నవ్వుకున్నాం కానీ నాకు మాత్రం నేగల్ గారి గుర్రాల లైసెన్సు గుర్తొచ్చింది. దాని సంగతి పలకల దగ్గర రాస్తాను.

మార్చి చివర

చలి. జిగురు ఆరడం లేదు. ఏం చేయలేదు.

ఈస్టర్ సెలవులు

కోత మొదలు. జిగ్‌సాతో బయటి గీత అంతా కోసి, వంపుల దగ్గర సన్న బ్లేడు వేసి, ఆపైన ఆకురాయి. మధ్యపొర 18 మిల్లీమీటర్లది, ఒళ్ళంతా అందులోనే ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి 9 మిల్లీమీటర్ల పొరలు, ఎడమ కాళ్ళు ఒకదాని మీద, కుడి కాళ్ళు ఒకదాని మీద, కొంచెం ముందూ వెనకా పడేలా. అప్పుడు పక్కనుంచి చూసినా నాలుగు కాళ్ళూ కనపడతాయి, బల్లపరుపు అట్టముక్కలా ఉండదు.

చిక్కంతా కాళ్ళ దగ్గరే. ఇంత ఒళ్ళు, కింద చూస్తే సన్నటి కాళ్ళు. పంజాకి పైన, మణికట్టు లాంటి చోట, ప్లై సన్నగా అయిపోయి వంచితే చిటపటమంటోంది. లావు చేసేస్తే గొడవ వదిలిపోతుంది, కానీ అప్పుడది వుల్ఫ్‌హౌండ్ కాదు, దూడ. చివరికి పై పొరల రేఖ నిలువుగా, మధ్యపొర రేఖ ఏటవాలుగా పడేలా తిప్పి అతికించాను, కాళ్ళ లోపల 6 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ దింపాను. బర్మాతో అంత సన్నటి చెక్కలో తిన్నగా బెజ్జం పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు నేను మూపు మీద రెండు చేతులూ వేసి నొక్కినా కదలదు.

అసలు కుక్కలోనూ ఇదే సమస్య అట. పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉండే పిల్ల, ఏడాది తిరిగేసరికి 50 కిలోలు దాటుతుంది. ఆ పరుగులో ఎముక పెరగడం ఒకవైపు, దాని మీద బరువు పడటం ఒకవైపు. అందుకే పిల్లగా ఉన్నప్పుడు మెట్లెక్కించరు, దూరాలు నడిపించరు, నున్నటి గచ్చు మీద ఆడనివ్వరు. ఎత్తు కోసం ఎగబడి కాళ్ళు పాడుచేసుకున్న బ్రీడర్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. జడ్జీల కంటికి పెద్దది కనపడితే చాలు, బహుమతి వస్తుంది. తర్వాత ఆ కుక్క మూడేళ్ళకే లేవలేక లేవలేక లేస్తుంది.

నేగల్ దగ్గర నాకు నచ్చింది ఇక్కడే. ఆవిడ వుల్ఫ్‌హౌండ్లతో పాటు ఐరిష్ సెట్టర్లని కూడా పెంచింది, అవి తుపాకీతో వేటకి వెళ్ళేవాళ్ళకి పొదల్లో పక్షిని చూపించే కుక్కలు. ఎర్రగా నిగనిగలాడే ఆ జాతిని షో రింగులో తిప్పి కప్పులు పట్టుకుపోవడం తేలిక. ఆవిడ వాటిని పొలాల్లో పనిపోటీలకి తీసుకెళ్ళింది, ఆ పోటీల్లో 18 ఛాంపియన్లని తయారుచేసింది. వుల్ఫ్‌హౌండ్లలో ఆవిడ సొంతవీ, ఆవిడ దగ్గర పుట్టినవీ కలిపి 21 ఛాంపియన్లు. ఈ రెండు అంకెల్లో నాకు మొదటిదే ఎక్కువ అనిపిస్తుంది. ఎంత దువ్వినా, ఎలా నిలబెట్టినా పొలంలో పని చేయని కుక్క దొరికిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో తిండి రేషన్ వల్ల ఇక్కడ పెద్ద జాతులన్నీ బాగా తగ్గిపోయాయి. మిగిలిన కొద్ది వుల్ఫ్‌హౌండ్లూ ఒకదానికొకటి దగ్గర చుట్టాలే. దగ్గర రక్తంలోనే కలుపుతూ పోతే దాగి ఉన్న జబ్బులన్నీ పైకొస్తాయి. 1950లలో అమెరికా నుంచి రోరీ ఆఫ్ కిహోన్ అనే మగకుక్కని తెప్పించి కొత్త రక్తం ఎక్కించారు. వట్టి ప్రేమతో జాతి నిలబడదు, పుస్తకం తెరిచి ముత్తాతల పేర్లు చూసి వద్దు అనగలిగేవాళ్ళు కావాలి. నేగల్ ఆ వద్దు అనగలిగే మనిషి అని నా అభిప్రాయం.

ఏప్రిల్ చివరి వారం

తల, బొచ్చు.

తల ఒక్కటీ మూడు పొరలతో చాలలేదు, దిమ్మలా ఉంది. బుగ్గల దగ్గర ఇంకో పొర అతికించి, ఉలితో దించి, చిత్రిక పట్టి, ఆపైన గరుకు కాగితం. వుల్ఫ్‌హౌండ్ పుర్రె పొడుగు, నుదురు పెద్దగా లేవదు, మూతి పొడుగ్గా కొద్దిగా మొన తేలి ఉంటుంది. చెవులు చిన్నవి, వెనక్కి మడిచినట్టు మెడకి అంటుకుని ఉంటాయి, ఆ చెవుల్ని తోలుముక్కతో చేశాను, పాత హ్యాండ్‌బ్యాగ్ బలైపోయింది.

బొచ్చు కోసం మెత్తటి ఊలు, ఫర్ గుడ్డ అన్నీ చూశాను. ఏదీ కాదు. ఈ కుక్క మీద చెయ్యేస్తే గరుకు, ఆ గరుకు రావాలి. చివరికి మన కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ఒకటి కత్తిరించి పీచు తీసి చూస్తే కనుబొమలకీ గడ్డానికీ అచ్చంగా అదే. ఒళ్ళంతా పీచు వేస్తే ముళ్ళపందిలా ఉంది కాబట్టి ఒంటికి జనపనార పురి విప్పి, నల్ల టీ డికాక్షన్‌లో కొంత, నల్లరంగు నీళ్ళలో కొంత నానబెట్టి, ఆరాక రెండూ కలిపి దువ్వితే బూడిద రంగు వచ్చింది, ఒకటే చాయ కాకుండా అక్కడక్కడా మాసినట్టు. అతికించడం కింది నుంచి పైకి, తాటాకు కప్పు వేసినట్టు ఒక వరస మీద ఒక వరస. తోక దగ్గర మొదలుపెట్టి మెడ దాకా వచ్చేసరికి వేళ్ళ నిండా ఫెవికాల్, ఇంటి నిండా నార. మా ఆయన సాంబార్‌లో కూడా నార వచ్చిందని గొడవ.

కొలతల పెద్దావిడకి ఫోటో పంపాను. "గడ్డం ఇంకా తడిగా ఉండాలి, అది నీళ్ళు తాగి వచ్చి మీ ఒళ్ళో తుడుచుకుంటుంది" అని జవాబు పెట్టారు.

మే

పలకలు. పిల్లలతో కూర్చున్నాం. వీళ్ళకి తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. నేను ఇంగ్లిష్‌లో చెబితే తెలుగులో రాస్తారు, తెలుగులో చెబితే ఇంగ్లిష్‌లో ప్రశ్నలు వేస్తారు.

మొదటి పలక కుక్కలది. రెండోది గుర్రాలది. ఆవిడకి రేసు గుర్రాలు కూడా ఉండేవి, తర్ఫీదు కూడా తనే ఇచ్చేది. 1937లో ఆవిడ గుర్రం శాండ్‌స్ప్రైట్ ఎప్సమ్‌లో డెర్బీ పందెంలో రెండో స్థానంలో వచ్చింది, పందెం ధర 100కి 1, అంటే అది వస్తుందని ఎవరూ అనుకోలేదు. కానీ కాగితాల్లో ట్రైనర్ పేరు ఆవిడది కాదు. అప్పట్లో గుర్రప్పందేల మీద పెత్తనం చేసే జాకీ క్లబ్ ఆడవాళ్ళకి ట్రైనర్ లైసెన్సు ఇచ్చేది కాదు, ఆవిడ దగ్గర గుర్రాల సాలలో పనిచేసే హెడ్ ల్యాడ్ పేరు మీద ఇచ్చేది. చాకిరీ ఆవిడది, గుర్రం ఆవిడది, జీతం ఇచ్చేది ఆవిడ, ట్రైనర్ మాత్రం అతను.

ఇక్కడ ఒక పిల్ల, పదకొండేళ్ళది, చెయ్యెత్తింది. "ఆంటీ, అందరికీ తెలుసు కదా ట్రైనర్ ఆవిడేనని? మరి ఎవరిని మోసం చేస్తున్నట్టు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్ననే పలక మీద పెద్దక్షరాలతో రాయమన్నాను.

లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి అడిగింది. జాకీ క్లబ్ వాళ్ళది తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న వరస. చివరికి కోర్టుకెక్కింది. క్లబ్‌తో ఆవిడకి ఒప్పందమేమీ లేదు కాబట్టి దావాయే చెల్లదని కింది కోర్టులో కొట్టేశారు. 1966లో అప్పీల్ కోర్టులో లార్డ్ డెనింగ్, ఇంకో ఇద్దరు జడ్జీలు ఆ మాటని తోసిపుచ్చారు. ఒక వృత్తి మొత్తం తన గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ కారణం లేకుండా, ఇష్టారాజ్యంగా ఒక మనిషిని పని చేసుకోనివ్వకపోవడం కుదరదని వాదించే హక్కు ఆవిడకి ఉందన్నారు, కేసు నడవాల్సిందే అన్నారు. కేసు నడిస్తే ఏమవుతుందో జాకీ క్లబ్‌కి అర్థమైంది, లైసెన్సు ఇచ్చేసింది. అప్పటికి ఆవిడకి 71 ఏళ్ళు. "నేగల్ వర్సెస్ ఫీల్డెన్" అని (ఫీల్డెన్ అప్పటి జాకీ క్లబ్ పెద్ద) లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. తెలుగు బడిలో ఒక పిల్లాడి నాన్నగారు లాయరు, ఆయనకి నోటికి వచ్చు ఈ కేసు, ఆవిడ కుక్కల సంగతి మాత్రం నేను చెప్పేదాకా తెలీదు.

మూడో పలక నాకు ఎక్కువ ఇష్టమైంది. 1960లో క్రఫ్ట్స్‌లో, అంటే ఇక్కడి కెన్నెల్ క్లబ్ నడిపే అతి పెద్ద కుక్కల ప్రదర్శనలో, మొత్తం మీద మేటి కుక్కగా నిలిచింది సల్హమ్‌స్టెడ్ మెర్మన్, ఆవిడ వుల్ఫ్‌హౌండ్. ఆవిడ కుక్కకి అంత పెద్ద కప్పు ఇచ్చిన క్లబ్ ఆవిడకి పూర్తి సభ్యత్వం ఇవ్వదు. ఆడవాళ్ళకి వేరే శాఖ ఒకటి ఉంది, 1899 నుంచీ ఉంది, అసలు నిర్ణయాల్లో మాత్రం వాళ్ళ మాటకి చోటు లేదు. కుక్కల్లో మగ ఆడ రెండింటికీ పోటీలు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇదీ. 1975 లింగవివక్ష చట్టం వచ్చాక ఆవిడ కెన్నెల్ క్లబ్ మీద కూడా ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. 1979లో క్లబ్ తలుపులు తీసింది, మొదటి విడతలో చేరిన ఆడవాళ్ళలో ఆవిడా ఉంది, 84 ఏళ్ళ వయసులో.

పిల్లలు మెర్మన్ బొమ్మ కింద ఏం రాయాలని కొట్టుకున్నారు. "గెలిచిన కుక్క" అని ఒకడు, "ఓనర్ లోపలికి రాకూడదు" అని ఇంకొకడు. రెండూ రాశారు, ఒకదాని పక్కన ఒకటి.

చిన్న పక్కదారి. మా చిన్నప్పుడు కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలేవాళ్ళ దగ్గర జోనంగి కుక్కలుండేవి. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు, మిగతా కుక్కల్లా అస్తమానం మొరగవు, బాతుల్ని ఒక్క ఈక రాలకుండా చెరువు దాటించేవి. చేపల చెరువులు పెరిగి, బాతుల మందలు తగ్గి, ఆ కుక్కకీ పని పోయింది. ఐర్లండ్‌లో తోడేలు పోయినప్పుడు జరిగిందే ఇది. పిల్లలకి ఇది చెప్పినప్పుడు ఒకడు "అయితే మనకి గ్రాహం లేడా" అన్నాడు. ఉన్నారు, కొద్దిమంది ఇప్పుడు వాటిని వెతికి పెంచుతున్నారు. పలక మీద దీనికి చోటు లేదు, నోటితో చెప్పమన్నాను.

జూన్ రెండో వారం

పీట. 18 మిల్లీమీటర్ల మిగులు ముక్కతో, మీటరు పొడుగు, అరమీటరు వెడల్పు. కాళ్ళ కడ్డీలు పీటలోంచి దిగి కింద నట్లు బిగుస్తాయి. చిన్నపిల్లలు తప్పకుండా ఎక్కి కూర్చుంటారు, వద్దు అని బోర్డు పెడితే ఇంకా ఎక్కుతారు, అందుకని పీట అడుగున రెండు ఇసుక సంచులు. మా పక్కింటి ఆరేళ్ళ పిల్లాడిని ఎక్కించి ఊగమన్నాను. ఊగాడు. కదల్లేదు.

పక్కన నిలువు పట్టీ ఒకటి పెట్టాను, పిల్లలు తమ ఎత్తు చూసుకోవడానికి. 71 దగ్గర ఒక గీత, 79 దగ్గర ఒక గీత, 84 దగ్గర మా కుక్క. గ్రాహం కోరుకున్న 35 అంగుళాలకి, అంటే దాదాపు 89 దగ్గర, చుక్కల గీత.

పెద్దావిడ కుక్కని తీసుకుని గరాజ్‌కి వచ్చారు. అది ప్లైవుడ్ దాన్ని ముందు నుంచి చూసింది, వెనక్కి వెళ్ళి వాసన చూసింది, మనసు తీసేసుకుని నా ట్రెడ్‌మిల్ మీద పడుకుంది. ఆవిడ మాత్రం చాలాసేపు నడుం వంపు దగ్గర చెయ్యి పెట్టి నిలబడ్డారు. "వెనక కాలి మోకాలు ఇంకొంచెం వంగాలి" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే, కానీ అక్కడ ఇంకా కోస్తే కడ్డీ బయటపడుతుంది. వంపు కనపడేలా నార మందంగా వేసి సరిపెడుతున్నాను.

మిగిలిన పనులు: రెండో పలక మీద "ఎప్సమ్" అక్షరాలు మళ్ళీ రాయాలి, గడ్డానికి పలచటి వార్నిష్ వేయాలి, తడిగా మెరిసేలా. తోక విడిగా ఊడొచ్చేలా బోల్టు పెట్టాను, లేకపోతే వ్యాన్ తలుపులో పట్టదు. వ్యాన్ శనివారం సాయంత్రానికి చెప్పాం, డ్రైవర్ ఫోన్‌లో "ఏం సామాను?" అని అడిగితే మా ఆయన "కుక్క" అన్నాడు, జంతువులకి ఎక్కువ ఛార్జి అన్నాడట, ఇంకా బేరం తెగలేదు.